నొక్కడం సరే, వదలడం సంగతేంటి?

మా మేనల్లుడు విజయవాడలో బీటెక్ రెండో ఏడాది చదువుతున్నాడు. మొన్న రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో ఒక కీబోర్డు లింకు పంపించి, వెనకే ఫోన్ కొట్టాడు.

"మామయ్యా, 8కే పోలింగ్ అంట. ఆఫర్ పొద్దున కల్లా అయిపోతుంది. కొనేయనా?"

"నీ లాప్‌టాప్ తెర ఎన్ని హెర్ట్జ్‌రా?"

"అరవై అనుకుంటా. ఎందుకు?"

8కే పోలింగ్ అంటే కీబోర్డు సెకనుకు ఎనిమిది వేల సార్లు కంప్యూటర్‌కి కబురు పెట్టడం. దానికీ తెరకీ సంబంధం ఏమిటో చెప్పేసరికి నలభై నిమిషాలు పట్టింది. మధ్యలో వాడు రెండు మూడుసార్లు "ఊఁ" అన్నాడు గానీ, విన్నాడన్న నమ్మకం నాకు లేదు. ఫోన్‌లో చెప్పింది గాలికి పోతుంది కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నా.

ముందు నా సంగతి. పగలంతా తెలుగు అనువాదాలు చేస్తాను, ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరికలో టైప్ చేస్తాను. రాత్రి పది దాటాక, నెట్ సెంటర్ రోజుల నాటి ముగ్గురు స్నేహితులతో కౌంటర్ స్ట్రైక్ 2 అనే తుపాకుల ఆట ఆడతాను. రెండు పనులూ ఒకే బల్ల మీద, ఒకే కీబోర్డు మీద. గేమింగ్ కీబోర్డుని గేమ్‌లోనే చూడాలి, టైపింగ్‌తో దానికేం పని అనేవాళ్లున్నారు. వాళ్లింట్లో రెండు కీబోర్డులు ఉంటాయేమో. మన ఇళ్లలో చాలావరకు ఒక్కటే ఉంటుంది. దాని మీదే పిల్లాడు ఆడాలి, దాని మీదే తండ్రి మీసేవ ఫారం నింపాలి.

కౌంటర్ స్ట్రైక్ 1.6 నేను నేర్చుకున్నది దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్ల కింద ఉండే ఒక నెట్ సెంటర్లో. గంటకు పదిహేను రూపాయలు. అక్కడి కీబోర్డుల మీద, ఆటలో మనిషిని నడిపించే డబ్ల్యూ, ఏ, ఎస్, డీ అక్షరాలు అరిగిపోయి, ఆ నాలుగు కీలూ నూనె రాసినట్టు మెరుస్తుండేవి. సిస్టం ఖాళీ లేనప్పుడు నేనూ మా తమ్ముడూ ఒకే కీబోర్డు పంచుకుని ఫైటింగ్ గేమ్ ఆడేవాళ్లం. ఎడమ వైపు వాడు, కుడి వైపు నేను. సరిగ్గా దెబ్బ కొట్టాల్సిన క్షణంలో నా కీ పడేది కాదు. "నువ్వు అన్నీ నొక్కి పట్టుకుంటున్నావు కాబట్టే నాది పనిచేయట్లేదు" అని వాడి మీద అరిచేవాణ్ని. అది నా ఓటమికి సాకు అని వాడనేవాడు. చాలా ఏళ్లకు తెలిసింది, నేనన్నదే నిజమని.

కీబోర్డు లోపల ప్రతి కీకీ విడిగా తీగ ఉండదు. పొలంలో అడ్డ కాలువలు, నిలువు కాలువలు ఉన్నట్టు కొన్ని వరసలు, కొన్ని నిలువులు ఉంటాయి. అవి కలిసే ప్రతిచోటా ఒక కీ ఉంటుంది, తూములాగా. ఒక చతురస్రం మూడు మూలల్లో తూములు తెరిస్తే నీళ్లు చుట్టూ తిరిగి నాలుగో మూలకూ చేరతాయి. అక్కడ తూము తెరిచారో, నీళ్లే చుట్టి వచ్చాయో కీబోర్డుకి తెలియదు. అందుకని చవక బోర్డులు అనుమానం వచ్చిన కీని అసలు లెక్కలోకే తీసుకోవు. మా తమ్ముడు రెండు కీలు పట్టుకుంటే నా మూడోది గల్లంతయ్యేది అందుకే. ప్రతి కీ దగ్గరా ఒక డయోడ్ పెడితే కరెంటు ఒకవైపే పోతుంది, గొడవ తీరిపోతుంది. గేమింగ్ కీబోర్డు అన్న మాటకు మొదట ఉన్న న్యాయమైన అర్థం ఇదేనని నా ఉద్దేశం. ఇప్పుడు పెట్టె మీద "104 కీలు ఒకేసారి నొక్కినా పడతాయి" అని గొప్పగా వేస్తారు. నాకున్నవి పది వేళ్లు. అందులో ఆటలో కీబోర్డు మీద ఉండేవి అయిదు.

మెకానికల్ కీబోర్డు, అంటే ప్రతి కీ కిందా విడిగా ఒక స్ప్రింగు స్విచ్ ఉండేది, గేమర్ల వస్తువు అనుకుంటారు ఈ కాలం పిల్లలు. మనకు అది ముందు వచ్చింది డీటీపీ సెంటర్లలోకి. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు కొట్టే దుకాణాల్లో టీవీఎస్ గోల్డ్ అని తెల్లటి బరువైన కీబోర్డు ఉండేది, లోపల చెర్రీ వాళ్ల బ్లూ స్విచ్‌లు. ఆపరేటర్ అనూ ఫాంట్లలో మ్యాటర్ కొడుతుంటే ఆ టకటక వీధిలోకి వినబడేది. కీ పడిందని వేలికీ చెవికీ ఒకేసారి తెలిసే స్విచ్ అది. జర్మనీకి చెందిన ఈ చెర్రీ ఎమ్ఎక్స్ స్విచ్‌ల కొలతలే ఇవాళ్టికీ మార్కెట్‌కి తూకంరాళ్లు. రెడ్ స్విచ్ మొత్తం 4 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది, 2 మిల్లీమీటర్ల దగ్గర కీ పడుతుంది. స్పీడ్ సిల్వర్ అని ఇంకోటి ఉంది, అది 1.2 మిల్లీమీటర్లకే పడుతుంది.

ఈ కొలతలన్నీ దేన్ని చెబుతున్నాయో చూడండి. కీ ఎంత లోతులో పడుతుంది, ఎంత బరువుకి పడుతుంది, పడ్డాక ఎంత వేగంగా కంప్యూటర్‌కి చేరుతుంది. అన్నీ నొక్కుడు గురించే. వేలు లేచినప్పుడు, కీ వదిలేశావని కంప్యూటర్‌కి ఎప్పుడు తెలుస్తుందో మామూలుగా పెట్టె మీద రాయరు. గేమింగ్ కీబోర్డుల గురించి నేను చదివిన సమీక్షల్లో సగానికి పైగా దాని ఊసే ఎత్తలేదు. నా వాదన ఇంతే: ఆటలో తేడా తెచ్చేది నొక్కుడు కాదు, విడుపు. టైపింగ్‌లో బోర్డుని పాడుచేసేదీ విడుపే.

ఇది నాకు పుస్తకం చదివి తెలియలేదు, డీ కీ చెడిపోతే తెలిసింది.

నా మొదటి గేమింగ్ కీబోర్డు, పేరు వద్దు గానీ, రంగురంగుల లైట్లతో దిగింది. స్విచ్‌కి 5 కోట్ల నొక్కుళ్ల ఆయుష్షు అని రాసి ఉంది. రోజుకు అయిదు వేల సార్లు కొట్టినా పది వేల రోజులు, అంటే ఇరవై ఏడేళ్లు రావాలి. పదకొండో నెలలో డీ కీ ఒకసారి నొక్కితే రెండుసార్లు పడటం మొదలైంది. ఇన్‌స్క్రిప్ట్‌లో డీ మీద ఉండేది ఏమిటి? పొల్లు. తెలుగులో ప్రతి ఒత్తుకీ ముందు అది కొట్టాల్సిందే. "ప్రస్తుతం" అన్న ఒక్క మాటకు రెండుసార్లు, "స్వాతంత్ర్యం" అంటే మూడుసార్లు. పొల్లు రెండుసార్లు పడితే అక్షరం విరిగి, మధ్యలో చుక్కల సున్నా ఒకటి ప్రత్యక్షమవుతుంది. ఆ వారం నేను పంపిన ఒక ఫైల్లో అలాంటి సున్నాలు ఎన్నున్నాయో ఎడిటర్ గారు లెక్కపెట్టి మరీ చెప్పారు.

సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే మొత్తం కీబోర్డు కొరియర్ చేయాలి, మూడు వారాలు పడుతుంది, స్విచ్ ఒక్కటీ మార్చరు అన్నారు. స్విచ్‌లు బోర్డుకి టంకం పెట్టి ఉన్నాయి. గూగుల్‌లో వెతికి, విషయం అర్థం చేసుకుని, ఎందుకొచ్చిన టెన్షన్ అని వదిలేశాను.

జరిగేదేమిటంటే, స్విచ్‌లో రెండు లోహపు రేకులు తగిలినప్పుడు శుభ్రంగా ఒక్కసారి తగలవు. కొన్ని మిల్లీసెకన్ల పాటు చిటచిటా కొట్టుకుంటాయి, వదిలినప్పుడూ అంతే. కొత్త స్విచ్‌లో ఇది తక్కువ. దుమ్ము పట్టి, రేకులు పాతబడ్డాక పెరుగుతుంది. ఆ చిటచిటలను లెక్కలోకి తీసుకోకుండా కీబోర్డు కాసేపు ఆగి చూస్తుంది. కొన్ని కంపెనీలు ఇక్కడో తెలివి చేస్తాయి. నొక్కుడుని వెంటనే పంపేసి, ఆగే పనంతా విడుపు మీద వేస్తాయి. పరీక్షల్లో నొక్కుడు వేగం అద్భుతంగా కనిపిస్తుంది. విడుపు ఎంత ఆలస్యంగా పోతోందో కొలిచేవాళ్లు తక్కువ.

ఇక ఆటలోకి వద్దాం. కౌంటర్ స్ట్రైక్‌లో పరిగెడుతూ కాలిస్తే గుళ్లు చెదిరిపోతాయి. ఆగి కాల్చాలి. కుడి వైపు పోతున్నవాడు ఆగాలంటే డీ వదిలి, ఏ ఒక్క క్షణం తాకించాలి. దీన్నే కౌంటర్ స్ట్రేఫ్ అంటారు. డీ వదిలిన సంగతి కీబోర్డు ఆలస్యంగా చెప్పిందనుకోండి, కాసేపు రెండూ నొక్కి ఉన్నట్టే లెక్క. ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మనిషి ఠక్కున ఆగకుండా జారుతూ ఆగుతాడు. ఆ జారుడులో మన తల ఎగిరిపోతుంది.

ఎంత ఆలస్యం? ఆటలో ఎవరూ కీని సున్నితంగా నొక్కరు, అడుగుదాకా గుద్దేస్తారు. రెడ్ స్విచ్ 4 మిల్లీమీటర్ల దిగువ నుంచి 2 మిల్లీమీటర్ల దాకా లేస్తే గానీ వదిలినట్టు కాదు. వేలు సెకనుకు 10 సెంటీమీటర్ల వేగంతో లేస్తుందనుకుంటే, ఆ రెండు మిల్లీమీటర్లకే 20 మిల్లీసెకన్లు.

ఇప్పుడు మా వాడి 8కే పోలింగ్ పక్కన పెట్టి చూడండి. మామూలు ఆఫీసు కీబోర్డు సెకనుకు 125 సార్లు కంప్యూటర్‌కి కబురు పెడుతుంది, అంటే 8 మిల్లీసెకన్లకోసారి. 1000 హెర్ట్జ్ అయితే 1 మిల్లీసెకను. ఈ మార్పు పనికొచ్చేదే, కాదనను. 8000 హెర్ట్జ్ అయితే 0.125. వెయ్యి నుంచి ఎనిమిది వేలకు వెళ్తే మిగిలేది సగటున అర మిల్లీసెకను కూడా కాదు. 60 హెర్ట్జ్ తెర మీద ఒక్కో బొమ్మ మారడానికి 16.7 మిల్లీసెకన్లు పడుతుంది. మా ఇంటి నుంచి సర్వర్‌కి పింగ్, అంటే కబురు వెళ్లి రావడానికి పట్టే సమయం, ముప్ఫై మిల్లీసెకన్ల చుట్టూ ఉంటుంది, వానపడితే చెప్పలేం. కన్ను చూసి వేలు కదలడానికే 200 మిల్లీసెకన్ల పైమాట. ఇన్ని గుమ్మాలు దాటుకుని వచ్చేవాడికి ఆఖరి గుమ్మం దగ్గర అర మిల్లీసెకను ఆదా చేసిపెడతాం, దానికి ఇంకో రెండు వేలు కట్టు అంటే ఎలా?

విడుపు సమస్యకు అసలైన మందు అయస్కాంతంలో దొరికింది. అయస్కాంత క్షేత్రంలో కరెంటు పోతుంటే దానికి అడ్డంగా చిన్న వోల్టేజి పుడుతుందని ఎడ్విన్ హాల్ 1879లో కనుక్కున్నాడు. కీ అడుగున ఒక చిన్న అయస్కాంతం, బోర్డు మీద ఒక సెన్సరు పెడితే, కీ ఎంత దిగిందో ఆ వోల్టేజిని బట్టి తెలుస్తుంది. హనీవెల్ 1960ల చివర్లోనే ఇలాంటి కీబోర్డులు చేసింది, అప్పుడు ఆటల కోసం కాదు. ఇందులో తగిలే రేకులే లేవు కాబట్టి చిటచిట లేదు. అంతకన్నా ముఖ్యం, కీ పడిందా లేదా అని కాకుండా, ఈ క్షణం ఎంత లోతులో ఉందో బోర్డుకి తెలుస్తూనే ఉంటుంది. నెదర్లాండ్స్‌కు చెందిన వూటింగ్ అనే చిన్న కంపెనీ దీన్ని పట్టుకుని, ర్యాపిడ్ ట్రిగ్గర్ అనే పద్ధతికి పేరు తెచ్చింది. వేలు ఏ లోతులో ఉన్నా సరే, 0.1 లేదా 0.2 మిల్లీమీటర్లు పైకి లేస్తే చాలు, వదిలినట్టే. మళ్లీ అంతే దిగితే నొక్కినట్టే. ఇందాకటి లెక్కలో 20 మిల్లీసెకన్లు 2కి వచ్చాయి. పెట్టె మీది అంకెలన్నిటిలో నేను డబ్బు పెట్టదగ్గదిగా ఒప్పుకునేది ఇదొక్కటే.

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ల దుకాణాలుండే సీటీసీలో 4,200 పెట్టి ఒక అయస్కాంతాల బోర్డు తెచ్చుకున్నాను. పేరు మోసిన కంపెనీది కాదు. ఆ రాత్రి ఆట బాగుంది. మలుపు దగ్గర ఆగాలనుకున్న చోట ఆగుతున్నాను. స్నేహితులతో గొప్పలు చెప్పుకుని పడుకున్నాను.

పొద్దున టీ పక్కన పెట్టుకుని పని మొదలుపెడదామని వేళ్లు కీల మీద ఆనించాను. ఇంకా ఏమీ నొక్కలేదు. తెర మీద ఓత్వం, ఏత్వం, పొల్లు, గుడి వరసగా పడిపోయాయి. ఏ, ఎస్, డీ, ఎఫ్ కీల మీద ఉండేవి అవే. అక్షరం లేని గుణింతం, చుక్కల సున్నాలకు వేలాడుతూ. రాత్రి ఆటకని 0.1 మిల్లీమీటర్ల మీద పెట్టాను కదా, వేళ్ల బరువుకే కీలు పడుతున్నాయి. సరే అని జాగ్రత్తగా "స్వాతంత్ర్యం" కొట్టి చూశాను. డీ మీద వేలు కొంచెం వణికినా బోర్డు దాన్ని ఒక విడుపు, ఒక నొక్కుడు కింద రాసుకుంటోంది. నాలుగు ప్రయత్నాల్లో ఒక్కసారి సరిగ్గా వచ్చింది. పాడైన పాత కీబోర్డు పదకొండు నెలలకు చేసిన పని కొత్తది ఒక్క పూటలో చేసింది, అదీ పాడవకుండానే.

అప్పటి నుంచి ఏ గేమింగ్ కీబోర్డు చేతికొచ్చినా నా మొదటి పరీక్ష ఆ మాటే. పది సార్లు వేగంగా కొడతాను. ముప్ఫై పొల్లులు రావాలి. ముప్ఫై ఒకటి వచ్చినా, ఇరవై తొమ్మిది వచ్చినా మార్కులు తగ్గుతాయి.

దీనికి దారి లేకపోలేదు. ఇప్పుడు నా బోర్డులో రెండు అమరికలు. పగటిది: అన్ని కీలూ 1.8 మిల్లీమీటర్ల దగ్గర పడతాయి, ర్యాపిడ్ ట్రిగ్గర్ బంద్. రాత్రిది: కదలికల నాలుగు కీలకే ర్యాపిడ్ ట్రిగ్గర్, 0.2 దగ్గర. ఎఫ్ఎన్ కీతో మారిపోతాయి, బోర్డులోనే గుర్తుంటాయి. ఇలా మార్చడానికి ప్రతిసారీ సాఫ్ట్‌వేర్ తెరవాలనే బోర్డుని, అందునా లాగిన్ అడిగేదాన్ని, ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి.

ఒకరోజు పగటి అమరికతోనే ఆటలోకి వెళ్లిపోయాను. ఏడో రౌండ్ దాకా గమనించలేదు. ఈ మాట దాచి వాదన గెలవడం నాకిష్టం లేదు. మిరాజ్ అనే మ్యాపులో ఒక మూల దగ్గర ఆగబోయి అడుగు ముందుకు జారాక అనుమానమొచ్చి చూసుకున్నాను. అంటే తేడా ఉంది, నా స్థాయి వాడికి అది ఏడు రౌండ్లకోసారి కనిపించేంత ఉంది. నెల తర్వాత నా ర్యాంకు ఎక్కడుందంటే, అక్కడే ఉంది. ఆ రాత్రే ఇంకో ఘనకార్యం: ఇంగ్లిష్‌లోకి మారడం మరచిపోయి, ఆట అయ్యాక మర్యాదకి చాట్‌లో జీజీ, అంటే గుడ్ గేమ్, కొట్టాను. జీ మీద ఉండేది కొమ్ము. అవతలి జట్టుకి రెండు కొమ్ములు పంపినట్టయింది.

విడుపు ఎంత ముఖ్యమో కంపెనీలకు బాగానే తెలుసు. 2024 జులైలో రేజర్ అనే కంపెనీ స్నాప్ ట్యాప్ అని ఒకటి తెచ్చింది. డీ నొక్కి ఉంచి ఏ నొక్కితే, డీ తనంతట తనే వదిలినట్టు కీబోర్డే చెప్పేస్తుంది. మీ వేలు డీ మీదే ఉన్నా సరే. మిగతా కంపెనీలూ ఇలాంటివే పెట్టాయి. ఆగస్టులో, ఆట తయారుచేసే వాల్వ్ కౌంటర్ స్ట్రైక్ 2 అధికారిక సర్వర్లలో దీన్ని నిషేధించింది. వాడినట్టు తేలితే ఆటలోంచి గెంటేస్తారు. గీత ఎక్కడ గీశారో చూస్తే నాకు ముచ్చటేసింది. ర్యాపిడ్ ట్రిగ్గర్‌ని ఉండనిచ్చారు, ఎందుకంటే అందులో వేలు ఎత్తేది మీరే, బోర్డు త్వరగా గుర్తిస్తుందంతే. స్నాప్ ట్యాప్‌లో మీ తరఫున వేలెత్తేది బోర్డు. కౌంటర్ స్ట్రేఫ్ అనే నేర్పు అంతా ఆ విడుపు సమయంలోనే ఉంది. దాన్ని యంత్రానికి అప్పగించాక ఇక ఆడేది ఎవరు? అయినా పెట్టెల మీద ఈ సంగతి ఇంకా పెద్దక్షరాల్లోనే ఉంటోంది. కౌంటర్ స్ట్రైక్ కోసమే కొనేవాడికి అది వాడకూడని సదుపాయం, దానికి నేను సున్నా వేస్తాను.

మిగతావి గబగబా చెప్పేస్తా. లైట్లు: మొదటి వారం ఏడు రంగులు, తర్వాత తెలుపు, ఆ తర్వాత ఆర్పేస్తారు. కీక్యాపులు పీబీటీ ప్లాస్టిక్‌వి అయితే త్వరగా నున్నబడవు, ఏబీఎస్‌వి మన నెట్ సెంటర్ కీలలాగా మెరుపెక్కుతాయి. స్పేస్‌ని మధ్యలో కాకుండా రెండు చివరలా నొక్కి చూడండి, గలగల మోగితే పొడవాటి కీని ఒరగకుండా పట్టే స్టెబిలైజర్ లోపల సరిగా కూర్చోలేదు. షిఫ్ట్‌నీ అలాగే చూడండి. ఆటలో నెమ్మదిగా నడవడానికి అదే, ఇన్‌స్క్రిప్ట్‌లో ఖ, ఘ, భ కొట్టడానికీ అదే. స్విచ్ ఊడదీసి మార్చుకునే వీలుందా అడగండి. అయస్కాంతపు బోర్డులోకి మామూలు మెకానికల్ స్విచ్ పనికిరాదు, అయస్కాంతపు స్విచ్‌లైనా అన్నీ అన్నిటికీ సరిపోవు. గేమ్ మోడ్ పెడితే విండోస్ కీ పనిచేయదు, ఆటలో అది మంచిదే. పొద్దున విండోస్, స్పేస్ కలిపి ఎన్నిసార్లు నొక్కినా తెలుగులోకి మారకపోతే కంప్యూటర్‌ని తిట్టకండి, రాత్రి మీరే ఆపేశారు. ఇక హాస్టల్లో ఉండేవాళ్లు బ్లూ స్విచ్ కొంటే, రూమ్మేట్‌తో పడే గొడవకు వారంటీ లేదు.

మా వాడు ఆ రాత్రి ఆఫర్ వదిలేశాడు. పై ఆదివారం హైదరాబాద్ వచ్చినప్పుడు నా బోర్డు ముందు కూర్చోబెట్టాను. కాసేపు ర్యాపిడ్ ట్రిగ్గర్‌తో, కాసేపు లేకుండా ఆడించాను, ఎప్పుడు ఏది పెట్టానో చెప్పకుండా. అయిదింట నాలుగుసార్లు సరిగ్గా పట్టేశాడు. నాకన్నా చురుకు, పందొమ్మిదేళ్లు మరి. తర్వాత పోలింగ్ ఒకసారి 125కి దించి, ఒకసారి వెయ్యికి పెంచి అడిగాను. కాసేపు ఆడి, తల గోక్కుని, రెండూ ఒకేలా ఉన్నాయన్నాడు. కుర్చీ వెనక్కి వాల్చి, నా 144 హెర్ట్జ్ మానిటర్ వైపు అదోలా చూశాడు.

"అయితే ముందు కొనాల్సింది కీబోర్డు కాదన్నమాట, మామయ్యా."

"అది మీ నాన్నతో మాట్లాడు," అన్నాను.